మంచేనహళ్ళి సీమ కూరతోటలలో నులిపురుగు, ఎండు తెగుళ్ళ పొత్తు

చిక్కబళ్ళాపురమునుండి గౌరిబిదనూరునకు పోవు దారిలో మంచేనహళ్ళి కలదు. చాలకాలము గౌరిబిదనూరు తాలూకాలో ఒక హోబళిగా నుండిన యీ యూరు ఇటీవల తానే తాలూకా కేంద్రమైనది. నంది కొండల ప్రాంతమున పుట్టి గౌరిబిదనూరు మీదుగా హిందూపురపు దిక్కునకు సాగు ఉత్తర పినాకినికి ఈ నేల పరీవాహక భూమి. నది యన్న మాటయే కాని, సంవత్సరములో ఎక్కువ భాగము అందు కనబడునది ఇసుక. 2007లో కోలారు జిల్లానుండి వేరుపడిన చిక్కబళ్ళాపురము జిల్లాలో బాగేపల్లి, చింతామణి తాలూకాలవలెనే ఇచ్చటను కచ్చేరి భాష కన్నడము, పొలము గట్టున భాష పెక్కుచోట్ల తెలుగు. కైవారపు నారాయణప్ప యోగి తెలుగున తత్త్వములు పాడినదియు, విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్ళియు ఈ జిల్లాలోనివే. ఈ సీమను గూర్చి వ్రాయువారు సాధారణముగా యోగులను, ఇంజనీర్లను, పాళెగాండ్రను తలతురు. నేను తలపెట్టినది ఒక టమాటా మొక్క వేరు. దాని కథకును నూటడెబ్బది యేండ్ల చరిత్ర కలదు, ఈ సీమ చెరువుల చరిత్రతో సంబంధమును కలదు.

ముందు పొలములో కనబడు దానిని చెప్పెదను. నాటిన నెలన్నరకు తోట పచ్చగా నుండును. ఒకనాటి మధ్యాహ్నము కొన్ని మొక్కలు తలలు వాల్చును, సాయంకాలమునకు తేరుకొనును. రైతు నీరు చాలలేదనుకొని తడి పెట్టును. నాలుగు దినములకు క్రింది యాకులు పసుపు తిరుగును, పెక్కుసార్లు కొమ్మ యొక్క ఒక ప్రక్కననే. మరల తడి పెట్టును, ఎరువు వేయును, ఆకులపై మందు చల్లును. కాయ పట్టు వేళకు మొక్క నిలువున ఎండును. విత్తనము మోసమని కొందరు, బోరునీటి ఉప్పని కొందరు, దిష్టి యని కొందరు నందురు. మొక్కను మెల్లగా త్రవ్వి తీసి వేరు కడిగి చూచినచో అసలు సంగతి తెలియును. సన్నని పీచువేళ్ళు ఉండవలసిన చోట జొన్నగింజంతనుండి రేగుపండంత వరకు బుడిపెలు కనబడును. మొదలును ఏటవాలుగా కోసినచో బెరడుక్రింద గోధుమరంగు చార యుండును. బుడిపె నులిపురుగు పని. చార ఫ్యుజేరియమ్ అను శిలీంధ్రపు పని. ఈ రెండును ఒకే మొక్కలో నుండుట కాకతాళీయము కాదనుటయే ఈ వ్యాస విషయము.

ఇచ్చట మాటను గూర్చి ఒక మాట. నులిపురుగు అనగానే మనవారికి గుర్తువచ్చునది పిల్లల కడుపులోని పురుగు. ఈ పేరు వేరుపురుగునకు చెల్లుట తప్పు కాదు. రెండును ఒకే పెద్ద వర్గమునకు చెందినవి. కాని కడుపు పురుగు కంటికి కనబడును, వేరుపురుగు కనబడదు. వేరులో జొరబడు దశలో దాని పొడవు మిల్లీమీటరులో అరవంతుకును లోపు. కనబడనిదానిని రైతు నమ్మకపోవుట సహజము. ఇంకొక చిక్కు కలదు. వేరుసెనగ, అలసంద వేళ్ళపై నత్రజనిని కూర్చు మేలైన బుడిపెలు నుండును. వానిని చూచి అలవాటుపడినవాడు టమాటా వేరు బుడిపెనుగూడ మంచిదే యనుకొనును. తేడా తెలియుట సులభము. మేలైన బుడిపె వేరు ప్రక్కన అంటుకొని యుండి వ్రేలితో రాల్చినచో రాలును. నులిపురుగు బుడిపె వేరే ఉబ్బినది గనుక రాలదు, వేరు త్రెగును.

ఈ బుడిపెలను మొదట శాస్త్రీయముగా వర్ణించినవాడు మైల్స్ జోసెఫ్ బర్క్‌లీ అను ఇంగ్లండు మతాచార్యుడు. 1855లో గాజుటింటి దోసమొక్కల వేళ్ళలో ఆయన వీనిని చూచెను. విచిత్రమేమన, ఆయన ప్రఖ్యాతి శిలీంధ్రశాస్త్రమున. ఐర్లండు కరవునకు మూలమైన ఉర్లగడ్డ తెగులు శిలీంధ్రము వలననే పుట్టినదని వాదించినవాడు ఆయనయే. 1880ల దశకమున బ్రెజిలు దేశపు కాఫీతోటల నాశమును పరిశీలించిన ఎమిల్ గోల్డి ఈ పురుగునకు మెలాయిడొగైన్ అను పేరు పెట్టెను. పండువంటి ఆకారము గల ఆడది యని దాని భావము. గ్రుడ్లు పెట్టు ఆడపురుగు నిజముగా చిన్న పియరుపండువలె నుబ్బి వేరులోననే కదలక యుండును. మన దేశమున దీనిని మొదట నమోదు చేసినవాడు సి. ఎ. బార్బర్, 1901లో నీలగిరులలోని దేవాల తేయాకు తోటలో చూచెను. కొలది యేండ్లకే ఇ. జె. బట్లర్ వయనాడు మిరియపు తీగెల వేళ్ళలో దీనిని గుర్తించెను. కందికి వచ్చు ఎండు తెగులును పరిశోధించి 1910లో ప్రకటించినవాడును బట్లరే. అనగా పురుగును, శిలీంధ్రమును రెండింటిని ఎరిగిన పండితుడు మన దేశమున ఆనాడే యుండెను.

అయినను ఈ రెంటికిని గల పొత్తును మొదట పట్టినది అమెరికాలోని అలబామా రాష్ట్రమున. 1892లో జార్జి ఎఫ్. అట్కిన్సన్ ప్రత్తి తెగుళ్ళను గూర్చి వ్రాయుచు, వేరుబుడిపె పురుగున్న చేలలో ప్రత్తి ఎండు తెగులు హెచ్చుగా నున్నదని గమనించెను. టమాటా ఎండు తెగులు శిలీంధ్రమును ఇంగ్లండులో మాసీ వర్ణించినది 1895లో. టమాటా తెగులునకు సరియైన వర్ణన రాకమునుపే ప్రత్తి చేలలో పొత్తు సంగతి అచ్చుపడినదన్న మాట. 1902లో వెబ్బర్, ఆర్టన్ అనువారు ఐరన్ అను అలసంద రకము ఎండు తెగులును వేరుబుడిపెను రెంటిని తాళుచున్నదని చూపిరి. ఒకదానిని మాత్రమే తాళు రకము బురదచేలో ఒక కాలికే చెప్పు తొడిగినట్లని ఆ పెంపకందార్లకు అప్పుడే తోచియుండవలెను.

ఇంత తేటయైన సూచన ఏబది యేండ్లు మూలబడుటకు కారణమును విచారింపవలెను. నా యభిప్రాయమున ఇది శాస్త్రముల విభజన వలని దోషము. ఒక రోగమునకు ఒకే క్రిమి యను సూత్రము ఆ కాలమున గట్టిపడినది. శిలీంధ్రమును చదువువాడు మట్టిని కాచి వడకట్టి శుద్ధిచేసి అందు తన శిలీంధ్రమును మాత్రమే వేసి చూచును. పురుగును చదువువాడు తన కుండలో పురుగును మాత్రమే వేయును. ఇద్దరికిని సరియైన ఫలితములే వచ్చును, కాని రైతు పొలములో శుద్ధిచేసిన మట్టి లేదు. మైసూరు సంస్థానమునకు 1908లో శిలీంధ్ర, కీటకశాస్త్రవేత్తగా వచ్చిన లెస్లీ కోల్‌మన్ పోక కొళెరోగమును బోర్డో మిశ్రమముతో అదుపు చేసి పేరొందెను. ఆ రోగము గెలల పైననుండుటచే మందు తగిలెను. వేరులోని రోగమునకు పిచికారి అందదు. మదరాసు విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ప్రయోగశాలలో టి. ఎస్. సదాశివన్, ఆయన శిష్యులు ప్రత్తి ఎండు తెగులు శిలీంధ్రముపై చేసిన కృషి ప్రపంచఖ్యాతి గడించినది. మన దేశపు విశ్వవిద్యాలయములలో వేరుపురుగుకు అంతటి పీఠము వెంటనే దొరకలేదు. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో నులిపురుగుల శాస్త్రమునకు ప్రత్యేక విభాగము 1966లో మాత్రమే ఏర్పడినది.

మరియొక అడ్డంకి పేరునకు సంబంధించినది. 1949 వరకు ప్రపంచములోని వేరుబుడిపె పురుగులనన్నిటిని ఒకే జాతిగా నెంచిరి. ఒకచోట వేరుసెనగను తినునది వేరొకచోట ముట్టకపోవుట ఏలనో తెలియకుండెను. ఆ సంవత్సరమున చిట్‌వుడ్ వానిని పలు జాతులుగా విడదీసెను. మన ఎర్రనేలల కూరగాయలలో తరచు కనబడు ఇన్‌కాగ్నిటా, జవానికా అను జాతులు ఆ విభజనలోనివి. ఆ తరువాతనే కుండలలో లెక్కగా పురుగును, లెక్కగా శిలీంధ్రమును వేసి చూచు ప్రయోగములు నిలకడకు వచ్చినవి.

ఆ ప్రయోగముల పద్ధతి సామాన్యమైనది. నాలుగు వరుసల కుండలు: ఒకదానిలో ఏదియు వేయరు, ఒకదానిలో పురుగు మాత్రము, ఒకదానిలో శిలీంధ్రము మాత్రము, నాలుగవదానిలో రెండును. మొక్కల ఎత్తు, కాడ బరువు, వేరు బరువు కొలుతురు. రెండు విడివిడి నష్టముల మొత్తముకన్న నాలుగవ వరుస నష్టము మించినచో పొత్తు నిజమన్న మాట. ఉత్తర కరొలినాలో పోర్టర్, పావెల్ అనువారు 1967లో పొగాకుపై ఇంకొక మెలిక పెట్టిరి. పురుగును, శిలీంధ్రమును ఒకేనాడు వేయుటకు బదులు పురుగును రెండు లేక నాలుగు వారముల ముందు వేసిరి. ఎండు తెగులు అప్పుడే మిక్కిలి తీవ్రమైనది. పురుగు చేసిన గాయమే కారణమైనచో గాయము పచ్చిగా నున్నప్పుడు శిలీంధ్రము సులభముగా జొరబడవలెను. అట్లు కాక వారములు గడచిన పిదప తీవ్రమగుటచే కారణము వేరని తేలినది.

ఆ కారణమిది. పిల్లపురుగు వేరుకొన దగ్గర జొరబడి నీటినాళముల ప్రక్కన నిలచి తన నోటి సూదితో కొన్ని కణములలో స్రావమును విడుచును. ఆ కణములు చీలక ఉబ్బి మహాకణములగును. మొక్క తన ఆహారమును అచ్చటికే తరలించును. పురుగు కదలక భుజించుచుండును. 27 డిగ్రీల వేడిమిలో సుమారు 25నుండి 30 దినములలో ఒక తరము ముగియును; ఒక ఆడపురుగు వందలకొలది గ్రుడ్లను జిగురుముద్దలో పెట్టును. ఇట్టి బుడిపె శిలీంధ్రమునకు వండి వడ్డించిన విస్తరి వంటిది. పిండిపదార్థములు, అమైనో ఆమ్లములు నిండిన ఆ కణములలో శిలీంధ్రతంతువు బలిసి, ప్రక్కనే యున్న నీటినాళములకు ప్రాకును. నాళము పూడినచో నేలలో నీరున్నను ఆకునకు అందదు. తడి పెట్టిన కొలదియు మొక్క వడలుటకు ఇదియే కారణము. అంతేకాదు, 1966లో బౌమన్, బ్లూమ్ అనువారు ఒకే టమాటా మొక్క వేళ్ళను రెండుగా చీల్చి ఒక సగమున పురుగును, రెండవ సగమున శిలీంధ్రమును వేసి చూచిరి. రెండును కలియకున్నను తెగులు హెచ్చినది. పురుగు మొక్క నంతటిని లొంగదీయుచున్నదన్న మాట. తెగులును తాళు రకములుగూడ పురుగు మూలమున లొంగినవని వారు వ్రాసిరి. ఈ చివరి విషయమున పండితులందరు ఏకీభవింపలేదు. ఒకే గట్టి జన్యువు వలన ఎండు తెగులును తాళు టమాటాలలో ఆ శక్తి చెడలేదని తరువాత చూపినవారు కలరు. నాకు తోచినంతలో శిలీంధ్రపు తెగ, వేడిమి, పురుగుల సంఖ్య మారినకొలది ఫలితము మారును. ఒక కుండలోని సత్యమును అన్ని పొలములకు చాటుట తొందరపాటు.

ఈ సీమకు సమీపముననే జరిగిన ఒక పరిశోధనను తప్పక చెప్పవలెను. బెంగుళూరు చెంత హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ 1967లో వెలసినది. అచ్చటి పి. పార్వతరెడ్డి (తరువాత ఆ సంస్థకు సంచాలకులైనవారు), ఆయన సహచరులు 1979లో పూసా పర్పుల్ క్లస్టర్ అను వంగ రకముపై పని చేసిరి. ఆ రకము బాక్టీరియా ఎండు తెగులును తాళునని పేరొందినది. వేరుబుడిపె పురుగు చేరగా ఆ తాళుశక్తి తగ్గినది. ఇచ్చట రెండవ శత్రువు శిలీంధ్రము కాదు, బాక్టీరియా. కాని పొత్తు తీరు అదియే. పొలములో ఈ రెండు ఎండు తెగుళ్ళను వేరుపరచు ఉపాయము తేలిక: కోసిన కాడను గాజుగ్లాసు నీటిలో వ్రేలాడదీసినచో బాక్టీరియా యైన పక్షమున పాలవంటి తెల్లని దార క్రిందికి జారును. శిలీంధ్రమైనచో జారదు. విత్తనపు పొట్లముపై ఎండు తెగులును తాళునని అచ్చువేసినప్పుడు ఏ యెండు తెగులని అడుగుట మన రైతులు నేర్వవలసిన ప్రశ్న. ఈ జిల్లాలో విరివిగా నాటిన అర్క రక్షక్ టమాటా ఆకుముడుత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమచ్చ తెగులు తాళునది. నులిపురుగు ఆ మూటిలో లేదు.

ఇక ఈ నేల చరిత్రకు వచ్చెదను. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ ఈ దారిని పోయినప్పుడు చెరువుల క్రింద వరియు చెరకును, మెట్టలలో రాగియు ఉలవయు ప్రధానములు. చిక్కబళ్ళాపురపు చక్కెరను ఆయన ప్రత్యేకముగా వర్ణించెను. ఆనాటి కూరతోట బావిచుట్టు కపిల తోడినంత మేరకే. కపిల యెద్దులు రోజంతయు తోడినను తడియునది చిన్న మడి. చెరువు నిండిన యేట అదే మడి వరికి పోవును, నెలలకొలది నీట మునిగి యుండును. గాలి యాడని బురదలో కూరగాయల నాశించు ఈ పురుగుజాతులు బ్రదుకుట కష్టము. ఎండు తెగులు శిలీంధ్రమును క్షీణించును. మధ్య అమెరికాలో అరటి ఎండు తెగులునకు పొలములను నెలలకొలది నీట ముంచి చూచుటకు మూలమిదియే, ఆ మేలు అచ్చట కొలది యేండ్లే నిలచినను. పినాకిని చెరువుల రైతు తెగులు నెరుగకయే ఏటేట ఆ పని చేసెను. వేసవిలో నీరు లేక దున్ని ఎండబెట్టిన నేల రెండవ చికిత్స.

బోరుబావి ఈ రెంటిని తొలగించెను. చెరువులు పూడినవి, బావులు ఎండినవి, బోరు వేయి అడుగులు దాటినది. లోతైన నీటికి పెట్టిన సొమ్ము వరితో రాదు గనుక టమాటా, మిరప, వంగ, కాలీఫ్లవరు, ఉర్లగడ్డ, ద్రాక్ష వచ్చినవి. కోలారు టమాటా మార్కెట్టు ఆసియాలోని పెద్దవానిలో ఒకటియైనది. బొట్టుబొట్టుగా వేరుమొదటనే నీరిచ్చు డ్రిప్పు పద్ధతి నీటిని మిగిల్చినది, నిజమే. కాని అదే తడి, అదే వేడిమి, అదే వేరు సంవత్సరము పొడుగున ఒకేచోట దొరకునట్లు చేసినది. నెలకొక తరము పెరుగు పురుగునకు ఇంతకన్న అనుకూలము వేరొకటి లేదు. గట్టి బంకనేలకన్న గుల్లని ఎర్ర ఇసుకనేల దానికి ప్రియము. ఈ సీమ నేల అట్టిదే. శిడ్లఘట్ట పట్టునకు ఆధారమైన మల్బరీ తోటగూడ ఇదే పురుగునకు ఆశ్రయము గనుక, ముసలి మల్బరీని పెకలించి టమాటా నాటువాడు పురుగులున్న ఇంటిని అద్దెకు తీసికొన్నట్లే. నారుమడినుండి, నర్సరీనుండి, అరువు తెచ్చిన నాగలికంటిన మట్టినుండి మిగిలినది ప్రాకును. అందుచేత ఈ తెగులు ఆకాశమునుండి ఊడిపడినది కాదు. వరినీరు పోయి బోరునీరు వచ్చిన మార్పుతో బలపడినది. కూరతోట వేసినందుకు రైతును నిందించుట నా యుద్దేశము కాదు. బోరు అప్పు కట్టవలసినవానికి వరి వేయుమని చెప్పువాడు ఆ యప్పులో పాలు పంచుకొనడు. 2020లో ప్రకటితమైన ఒక జాతీయ యంచనా నులిపురుగుల వలని పంటనష్టమును 21.3 శాతముగా చెప్పినది. ఎండు తెగులు పద్దున వ్రాసిన నష్టములో ఎంత పాలు నిజముగా పురుగుదో వేరుచేయుట సులభము కాదు.

చికిత్సల చరిత్ర ఆశాభంగముల చరిత్ర. 1943లో హవాయి అనాసతోటలలో వాల్టర్ కార్టర్ డి-డి అను ఆవిరిమందు గుణమును వెల్లడించెను. పురుగు తగ్గగానే పంట విరగగాచుట చూచి ప్రపంచము మేల్కొన్నది. తరువాత వచ్చిన నెమగాన్ పురుషులకు సంతానహీనతను కలిగించునని 1977లో అమెరికా కర్మాగారపు పనివారిలో బయటపడినది. మన దేశమున గుళికలుగా చల్లిన ఫోరేటును 2018 నాటి ఉత్తరువుతో నిషేధించిరి. మందు చల్లిన చేయి ఎవరిదో, ఆ చేతికి తొడుగున్నదో లేదో మనమెరుగుదుము.

మెల్లని ఉపాయములే నిలచినవి. పంతనగరులో ఆర్. ఎస్. సింగు, కె. సీతారామయ్య గారలు 1966లో నూనెపిండ్లు కలిపిన నేలలో బెండ, టమాటా బుడిపెలు తగ్గినవని ప్రకటించిరి. వేపపిండి మన తాతల ఎరువే; దానికి శాస్త్రీయాధారము చేకూర్చినవారిలో తెలుగు పేరొకటి యుండుట మనకు సంతోషము. 1958లో హాలండు శాస్త్రజ్ఞులు బంతివేరులోని ఆల్ఫా టెర్థైనైల్ అను పదార్థము నులిపురుగులను చంపునని కనుగొనిరి. కన్నడమున చెండుహూవనబడు ఈ పూవును ఈ జిల్లా రైతు సంతకు ఎటులైనను పండించును. గట్టున నాలుగు మొక్కలు పెట్టిన చాలదు, మడి యంతయు ఒక కారు దట్టముగా నుండవలెను. 1976లో ఇజ్రాయేలులో కాటన్ బృందము చూపినట్లు తడిసిన నేలపై పలుచని పారదర్శక ప్లాస్టిక్కు పరచి వేసవి యెండకు కాచుట నారుమడికి మిక్కిలి తగినది. మన ఎండకు ఖర్చు లేదు.

తాళు టమాటాలలో పురుగు నడ్డు మి అను జన్యువు అడవి టమాటానుండి 1944లో పిండమును గాజునాళికలో పెంచి తెచ్చినది. నేల వేడిమి 28 డిగ్రీలు దాటినచో అది సడలును. ఏప్రిలు మాసపు మంచేనహళ్ళిలో దానిని పూర్తిగా నమ్ముకొనరాదు. ఇన్‌కాగ్నిటాకు తోడు ఎంటెరొలోబి అను వేరొక జాతి జామతోటల ద్వారా దక్షిణదేశమున వ్యాపించుచున్నది. అది మి జన్యువును లెక్కచేయదు. ఇంతకన్న స్థిరమైనది అంటు. జపానువారు 1920ల దశకమున పుచ్చను గుమ్మడిజాతి మొదళ్ళకు అంటుకట్టి ఎండు తెగులును తప్పించిరి. తమిళులు సుండకాయ యని వండుకొను ఉస్తి చెట్టు, మన కంచెల ప్రక్క అడుగకయే మొలచునది, నులిపురుగును ఎండు తెగుళ్ళను పెక్కింటిని తాళును. వంగను దానికి అంటుకట్టుట మన నర్సరీలకు చేతగాని పని కాదు; ధర యొక్కటే అడ్డు.

హెసరఘట్ట సంస్థ నులిపురుగు గ్రుడ్లను తిను శిలీంధ్రములను, ట్రైకోడెర్మాను పశువుల ఎరువులో పెంచి నారుమడికి కలుపు పద్ధతిని ప్రచారము చేసినది. శిలీంధ్రముపైకి శిలీంధ్రమునే పంపు ఈ ఉపాయము పొత్తునకు పొత్తుతోనే బదులు చెప్పునది. ఇది పొలమునందు కాక నారుమడియందు మొదలుపెట్టినప్పుడు మాత్రమే ఖర్చునకు తగిన ఫలమిచ్చును. నారు తొలి మూడు వారములు పురుగునకు దొరకకున్నచో, పోర్టర్, పావెల్ గారల కుండలలో శిలీంధ్రమునకు దారి తీసిన ఆ రెండు నాలుగు వారముల గడువు తప్పిపోవును.

కాపు ముగిసిన పిదప మంచేనహళ్ళి చుట్టుపట్ల టమాటా కాడలను పీకి గట్టున కుప్పవేయుదురు, లేక అట్లే దున్నివేయుదురు. ఆ వేళ్ళలో ఒక్కొక్క బుడిపెలో వందలకొలది గ్రుడ్లు, కాడలలో ఏండ్లతరబడి నేలలో నిద్రించగల శిలీంధ్రబీజములు నుండును. ఎరువుగుంతలో వేసినచో సరిగా కుళ్ళక మరల పొలమునకే వచ్చును. ఎండబెట్టి, పొలము వెలుపల, తరువాతి తడికి ముందే కాల్చవలసినవి అవి.